కొరొమొగయె: జపానులో రుతువును బట్టి దుస్తులు మార్చే ఆచారం

రుతువు మారే వేళకు ఒంటి మీది బట్టలనూ పెట్టెలోని బట్టలనూ ఒక నిర్ణీత తేదీన మార్చుకునే జపాను సంప్రదాయాన్ని కొరొమొగయె అంటారు. జపాను భాషలో ‘కొరొమొ’ అంటే వస్త్రం, ‘కయె’ అంటే మార్చడం. మన గసడదవాదేశ సంధిలోలాగే సమాసంలో ‘క’ కాస్తా ‘గ’ అయింది. నేటి లెక్క ప్రకారం జూన్ 1న వేసవి దుస్తులు, అక్టోబరు 1న శీతాకాలపు దుస్తులు మొదలవుతాయి. బడి పిల్లల యూనిఫాం, పోలీసుల దుస్తులు, కిమోనో కట్టుకునేవారి బట్టలు, తేనీటి వేడుకలు ఈ ఆచారం పరిధిలోకి వస్తాయి.

ఎండాకాలంలో పలచటి బట్టలు, చలికాలంలో మందపు బట్టలు వేసుకోవడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. కొరొమొగయె అంతటితో ఆగదు. ఏ బట్ట తర్వాత ఏ బట్ట రావాలన్న వరుస ఒకటి, ఆ మార్పు ఏ రోజున జరగాలన్న తేదీ ఒకటి అందులో ఉన్నాయి. వరుస దుస్తుల తయారీ నుంచి పుట్టింది. తేదీని రాజ్యం నిర్ణయించింది. ఇప్పుడు ఈ ఆచారం మీద జరుగుతున్న చర్చ అర్థం కావాలంటే ఈ రెంటినీ విడిగా చూడాలి.

చరిత్ర

రాజాస్థానం

రుతువును బట్టి ఆస్థాన దుస్తులు మార్చే పద్ధతి చైనా నుంచి జపానుకు వచ్చింది. హెయాన్ యుగంలో (794–1185) క్యోటోలోని చక్రవర్తి ఆస్థానంలో అది స్థిరపడింది. నాలుగో నెల మొదటి రోజున వేసవి దుస్తులు, పదో నెల మొదటి రోజున శీతాకాలపు దుస్తులు ధరించేవారు. అప్పటి జపాను క్యాలెండరు మన పంచాంగంలాగే అధికమాసాలు ఉన్న చాంద్రసౌరమానం. ఆ తేదీలు దాదాపుగా మన వైశాఖ శుద్ధ పాడ్యమి, కార్తీక శుద్ధ పాడ్యమి దగ్గర పడతాయి.

మార్పు ఒంటి మీది బట్టలతో ఆగేది కాదు. గదుల్లో వేలాడే తెరలు, కూర్చునే చాపలు కూడా మారేవి. పెద్దింటివారు చలికాలంలో సైప్రస్ జాతి చెక్క రేకులతో కట్టిన విసనకర్ర పట్టుకుంటే, వేసవిలో కాగితపు విసనకర్ర పట్టుకునేవారు. ఒకదాని మీద ఒకటిగా వేసుకునే అంగీల రంగుల జోడింపులకు కూడా రుతువుల వారీగా పేర్లు ఉండేవి.

మొదట్లో ఈ మార్పును చైనా లిపి ఉచ్చారణతో ‘కోయి’ అనేవారు. చక్రవర్తి దుస్తులు మార్చే పని చూసుకునే స్త్రీలకు ఆ పేరు వచ్చింది. కాలక్రమంలో అది అంతఃపురంలో చక్రవర్తి భార్యల హోదాల్లో ఒకటైంది. మురసకి షికిబు 11వ శతాబ్దం తొలినాళ్లలో రాసిన ‘గెంజి మొనొగతారి’లో కథానాయకుడి తల్లిది ఆ హోదాయే. హోదాకూ ఆచారానికీ ఒకే పేరుంటే తికమక కనుక, బట్టలు మార్చే ఆచారానికి కొరొమొగయె అన్న దేశీయ పదం నిలిచిపోయింది.

ఎదో యుగం

ఎదో యుగంలో (1603–1868) తొకుగావా షోగునుల (సైనిక పాలకుల) ప్రభుత్వం సమురాయిల దుస్తులకు ఏడాదిలో నాలుగు మార్పులు విధించింది. నాలుగో నెల 1 నుంచి ఐదో నెల 4 వరకు లైనింగు వేసిన బట్ట, ఐదో నెల 5 నుంచి ఎనిమిదో నెల చివరి వరకు ‘కతబిర’ అనే లైనింగు లేని నారబట్ట, తొమ్మిదో నెల 1 నుంచి 8 వరకు మళ్లీ లైనింగు బట్ట, తొమ్మిదో నెల 9 నుంచి మరుసటి ఏడు మూడో నెల చివరి వరకు దూది కూరిన బట్ట ధరించాలి. ఐదో నెల ఐదో రోజు, తొమ్మిదో నెల తొమ్మిదో రోజు జపానులో పండుగలు. ఆకురాలు కాలంలో లైనింగు బట్టకు దక్కినవి ఎనిమిది రోజులే అన్నది గమనించాలి. ఆ గడువు వాతావరణాన్ని చూసి పెట్టింది కాదు, పండుగను చూసి పెట్టింది.

షోగును కొలువు నియమం క్రమంగా పట్టణ ప్రజల్లోకి దిగింది. అయితే మామూలు ఇళ్లలో నాలుగు రుతువులకు నాలుగు జతలు ఉండేవి కావు. ఉన్న ఒక్క కిమోనోనే విప్పి, రుతువుకు తగ్గట్టు మళ్లీ కుట్టుకునేవారు. చలికాలపు బట్ట కుట్లు విప్పి, మధ్యలోని దూది తీసేసి, రెండు పొరలనూ కలిపి కుడితే లైనింగు బట్ట అయ్యేది. లోపలి పొరను కూడా తీసేస్తే వేసవి బట్ట అయ్యేది. చలి మొదలయ్యేసరికి ఇదే పని తిరగేసి చేసేవారు. నాలుగో నెల మొదటి రోజు దూది తీసే రోజు కావడంతో, ‘నాలుగో నెల ఒకటో రోజు’ అన్న అర్థమిచ్చే అక్షరాలతో రాసి ‘వతనుకి’ (దూది తీయడం) అని పలికే ఇంటిపేరు ఒకటి పుట్టింది. అది జపానులో నేటికీ ఉంది.

మెయిజీ సంస్కరణలు

ఎదో యుగం ముగిశాక వచ్చిన మెయిజీ ప్రభుత్వం అధికారులకు, సైనికులకు, పోలీసులకు పాశ్చాత్య దుస్తులు తెచ్చింది. 1873 జనవరి 1 నుంచి దేశం సౌరమాన క్యాలెండరుకు మారింది. పాత నాలుగు మార్పుల స్థానంలో రెండే మిగిలాయి: జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు వేసవి దుస్తులు, అక్టోబరు 1 నుంచి మే 31 వరకు శీతాకాలపు దుస్తులు. ప్రభుత్వోద్యోగుల నుంచి బడులకు, బడుల నుంచి ఇళ్లకు ఈ తేదీలు వ్యాపించాయి. నేడు జపానులో చాలామంది అనాదిగా వస్తున్నవనుకునే జూన్ 1, అక్టోబరు 1 తేదీల వయసు నూటయాభై ఏళ్లకు కాస్త అటూ ఇటూ, అంతే.

కిమోనో రకాలు

కిమోనోకు కావలసిన బట్టను సుమారు 36–38 సెంటీమీటర్ల వెడల్పున, 12 మీటర్లకు పైగా పొడవున ఒకే తానుగా నేస్తారు. దాన్ని నిలువు ముక్కలుగా కోసి తిన్నగా కుట్టేస్తారు. మెడ, చంక దగ్గర గుండ్రటి కోతలు ఉండవు. అందుకే కుట్లు విప్పితే ముక్కలన్నీ కలిసి మళ్లీ తాను అవుతాయి. విప్పి, ఉతికి, సాగదీసి ఆరబెట్టి తిరిగి కుట్టే ఈ పనిని ‘అరాయిహరి’ అంటారు. కొరొమొగయెకు ఆధారం ఈ కుట్టు పద్ధతే.

అవాసె

లైనింగు ఉన్న కిమోనో. అక్టోబరు నుంచి మే వరకు ధరిస్తారు. ఏడాదిలో ఎనిమిది నెలలు దీనివే కనుక కొత్తగా కిమోనో కొనేవారు ముందుగా దీన్నే కొంటారు. నడుము పై భాగానికి తెల్లటి పట్టు లైనింగు, కింది అంచుకూ చేతుల అంచుకూ ‘హక్కకె’ అనే రంగు లైనింగు వేస్తారు. నడిచేటప్పుడు పాదాల దగ్గర మెరిసి మాయమయ్యే ఆ రంగు గీతను బట్టే చూసేవారు అది అవాసె అని గుర్తిస్తారు.

హితొయె

లైనింగు లేని, ఒకే పొర కిమోనో. సంప్రదాయం దీనికి జూన్, సెప్టెంబరు నెలలు మాత్రమే ఇచ్చింది. జూన్ హితొయెకు, సెప్టెంబరు హితొయెకు బట్టలో తేడా లేకపోయినా జోడింపులో ఉంది. జూన్‌లో నడుముకు కట్టే ‘ఒబి’, మెడ పట్టీ వేసవికి దగ్గరగా, లేత రంగుల్లో ఉండాలి. సెప్టెంబరులో అవి ఆకురాలు కాలం వైపు, ముదురు రంగుల వైపు మొగ్గాలి.

ఉసుమొనొ

జూలై, ఆగస్టు నెలల పలచటి బట్టలన్నిటికీ కలిపి ఉమ్మడి పేరు ఉసుమొనొ. వీటిలో ప్రధానమైనవి రొ, షా, జోఫు.

రొ, షా పట్టు బట్టలు. మామూలు నేతలో పడుగు పోగులు సమాంతరంగా ఉంటే, వీటిలో పక్కపక్క పోగులు ఒకదాని చుట్టూ ఒకటి మెలిపడతాయి. మెలిక పడిన చోట పేక పోగులు దగ్గరకు జరగలేవు. అక్కడ సన్నటి ఖాళీ మిగిలిపోతుంది. షాలో ఈ మెలిక బట్టంతా ఉంటుంది కనుక అది వలలా కనిపిస్తుంది. రొలో మూడు, ఐదు లేదా ఏడు పేకల సాదా నేత తర్వాత ఒకసారి మెలిక వేస్తారు. దాంతో బట్టకు అడ్డంగా సన్నటి రంధ్రాల వరుసలు ఏర్పడతాయి. ఎన్ని పేకలకు ఒక మెలిక అన్నదాన్ని బట్టి మూడు పోగుల రొ, ఐదు పోగుల రొ, ఏడు పోగుల రొ అంటారు. పేకల సంఖ్య తగ్గే కొద్దీ రంధ్రాల వరుసలు దగ్గరపడి గాలి ఎక్కువగా ఆడుతుంది.

రొ కిమోనో లోపల వేసుకున్న తెల్లటి లోదుస్తు పై రంగులోంచి లీలగా కనబడుతుంది. కనబడాలనే అలా నేస్తారు. వేసవి దుస్తులు వేసుకున్నవారికే కాదు, ఎదుట ఉన్నవారి కంటికి కూడా చల్లగా ఉండాలన్నది జపాను దుస్తుల సంప్రదాయంలో గట్టిగా నాటుకున్న భావన.

జోఫు మేలు రకం నారబట్ట. నీగాతా ప్రాంతంలో తయారయ్యే ఎచిగొ-జోఫును, దానితోపాటు ఒజియా-చిజిమిని 2009లో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. రామీ మొక్క నారను గోటితో చీల్చి, చేత్తో పోగు కలిపి, నడుముకు కట్టుకునే మగ్గం మీద నేస్తారు. చలికాలం చివర మంచు కప్పిన పొలాల్లో, ఎండ కాసిన రోజున ఆ బట్టను తానులు తానులుగా పరుస్తారు. మంచు మీద ఎండ తగిలి బట్ట తెలుపెక్కుతుంది. ఆగస్టు ఉక్కలో ఒంటిని అంటకుండా నిలిచే బట్ట అలా ఫిబ్రవరి, మార్చి నెలల మంచులో తయారవుతుంది. చిజిమి రకంలో పేక పోగుకు అతిగా పురి పెడతారు. నేసిన తర్వాత గోరువెచ్చని నీళ్లలో కాళ్లతో తొక్కితే పోగు ముడుచుకుని బట్ట మీద సన్నటి ముడతలు లేస్తాయి. ఆ ముడతల వల్ల బట్ట చర్మానికి అక్కడక్కడా మాత్రమే తగులుతుంది.

యుకాతా

స్నానం తర్వాత వేసుకునే బట్టగా మొదలైన నూలు యుకాతా ఇప్పుడు వేసవి ఉత్సవాల్లో, బాణసంచా వేడుకల్లో అందరూ వేసుకునే దుస్తు. దీనికి లోదుస్తు, మెడ పట్టీ అక్కర్లేదు. పెళ్లికి గానీ తేనీటి వేడుకకు గానీ పనికిరాదు.

షా-అవాసె

మే చివర, జూన్ మొదట కొద్దిరోజులు మాత్రమే వేసుకునే ప్రత్యేక రకం. లోపలి పొర మీది బొమ్మ పై పొరలోని సన్నటి షాలోంచి నీళ్లలో నీడలా కదులుతూ కనిపిస్తుంది. ఏడాదిలో రెండు మూడు వారాల కోసం ఇంత పనితనం పెట్టడం ఈ సంప్రదాయంలో తేదీకి ఉండిన బలానికి నిదర్శనం.

బొమ్మలు, అలంకారాలు

కిమోనో మీది పూలకూ ఆకులకూ వేళ ఉంది. సాధారణ నియమం ప్రకారం పువ్వు ప్రకృతిలో పూయడానికి కాస్త ముందు కిమోనో మీద పూయాలి. చెర్రీ చెట్లు విరబూసిన రోజున చెర్రీ పూల కిమోనో వేసుకుంటే అసలు పువ్వుతో పోటీ పడినట్టవుతుందని చాలామంది మానుకుంటారు. అన్ని రుతువుల పూలు కలిపి వేసిన బొమ్మలకు ఈ కట్టుబాటు లేదు. నడి వేసవిలో మంచు బొమ్మ వేసుకోవడం దోషం కాదు, పైగా చల్లదనాన్ని తలపిస్తుందని మెచ్చుకుంటారు.

ఈ నియమం నెలల వారీగా కనిపించేది క్యోటోలోని మైకోల (నృత్య సంగీతాలు నేర్చుకుంటున్న యువతుల) కొప్పుల్లో. వారు పెట్టుకునే పట్టుపూల ‘కన్‌జాషి’ నెలనెలా మారుతుంది. ఫిబ్రవరిలో ప్లమ్, మార్చిలో ఆవపూలు, ఏప్రిల్‌లో చెర్రీ, మేలో విస్టీరియా, జూన్‌లో విల్లో కొమ్మ, జూలైలో విసనకర్ర, అక్టోబరులో చామంతి, నవంబరులో మేపుల్ ఆకు. క్యోటో వీధిలో మైకో ఎదురైతే ఆమె తల చూసి నెల చెప్పవచ్చు.

హైకూలో కూడా కొరొమొగయె ఒక రుతుసూచక పదం. అది వేసవికి చెందుతుంది. చలికాలపు మార్పును ‘తర్వాతి కొరొమొగయె’ అనే వేరే మాటతో సూచిస్తారు.

అమలు జరిగే తీరు

బడులు

నేటి జపానులో కొరొమొగయె ఎక్కువగా కంటబడేది విద్యార్థుల యూనిఫాంలో. మే 31 వరకు నల్ల కోట్లు, ముదురు నీలం సైలర్ దుస్తులతో నిండిన రైలు పెట్టెలు జూన్ మొదటి వారంలో తెల్ల చొక్కాలతో నిండిపోతాయి. చాలా బడులు మార్పు తేదీకి అటూ ఇటూ కొన్ని వారాలు ‘ఇకో-కికాన్’ (మార్పు గడువు) ఇస్తాయి. ఆ రోజుల్లో ఏ యూనిఫాం వేసుకున్నా తప్పు లేదు. దేశం ఉత్తర దక్షిణాలుగా పొడవైనది కనుక ఒకే తేదీ అంతటా కుదరదు. ఒకినావాలో వేసవి యూనిఫాం సుమారు మే మొదట్లోనే మొదలై అక్టోబరు చివరి వరకు ఉంటుంది. హొక్కైదోలో వేసవి యూనిఫాం ఆలస్యంగా మొదలై త్వరగా ముగుస్తుంది.

పోలీసులు, కార్యాలయాలు

జపాను పోలీసులకు వేసవి, శీతాకాల దుస్తులతో పాటు నడిమి కాలానికి ‘అయిఫుకు’ అనే మూడో రకం ఉంది. కార్యాలయాల్లో పెద్ద మార్పు 2005లో వచ్చింది. కొయిజుమి ప్రధానిగా ఉన్నప్పుడు పర్యావరణ మంత్రిత్వ శాఖ, కొయికె యురికొ మంత్రిగా, ‘కూల్ బిజ్’ ప్రచారం మొదలుపెట్టింది. వేసవిలో గది ఉష్ణోగ్రతను 28 డిగ్రీల దగ్గర ఉంచి, ఉద్యోగులు టై, కోటు లేకుండా రావచ్చని చెప్పింది. మొదట దాని గడువు జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు, అంటే సరిగ్గా కొరొమొగయె తేదీలే. 2011 మార్చి 11 భూకంపం తర్వాత కరెంటు కొరత రావడంతో గడువును మే 1 నుంచి అక్టోబరు 31 వరకు పెంచారు. 2021 నుంచి దేశమంతటికీ ఒకే గడువు ప్రకటించడం మంత్రిత్వ శాఖ మానుకుంది. ఎవరి వాతావరణాన్ని బట్టి వారు నిర్ణయించుకోవచ్చు. 1873 తర్వాత వచ్చిన పెద్ద మలుపుగా దీన్ని లెక్కించాలి.

తేనీటి వేడుక

తేనీటి వేడుకకు తనదైన రుతుచక్రం ఉంది. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు నేలలో దించిన పొయ్యి మీద, మే నుంచి అక్టోబరు వరకు కదిలించగల కుంపటి మీద నీళ్లు కాస్తారు. పాత్రలు, పూలు, గోడకు వేలాడదీసే చిత్రం అన్నీ ఆ రోజుకు తగ్గట్టు ఎంచుతారు కనుక అతిథుల బట్టలు కూడా వాటితో కలవాలని ఆశిస్తారు. కొరొమొగయె నియమాలను పట్టుదలగా పాటించే రంగం ఇదే.

ఇసె ఆలయం

ఇసెలోని ప్రధాన షింతో ఆలయంలో దేవతకు కూడా బట్టలు మారుతాయి. ఏటా మే 14న, అక్టోబరు 14న ‘కన్‌మిసొ-సాయి’ అనే ఉత్సవంలో పట్టు, నార వస్త్రాలు సమర్పిస్తారు. వాటిని సమీపంలోని మత్సుసాకాలో ఆయా నెలల మొదట్లో నేస్తారు.

మినహాయింపులు

పెళ్లికూతురి దుస్తులు, రంగస్థల దుస్తులు రుతువుతో పనిలేకుండా లైనింగుతోనే ఉంటాయి. సుమో మల్లుల్లో అట్టడుగు రెండు శ్రేణులవారు నడి చలికాలంలో కూడా యుకాతాతోనే తిరగాలి. అక్కడ రుతువు కన్నా హోదాదే పైచేయి.

నిల్వ, సంరక్షణ

బట్టలు మార్చే రోజు పెట్టెలు సర్దే రోజు కూడా. కిమోనోను మడతల గుర్తుల ప్రకారం మడిచి, ‘తతోషి’ అనే మందపాటి కాగితంలో చుట్టి, పౌలోనియా చెక్కతో చేసిన ‘కిరి-దన్సు’ పెట్టెలో ఉంచుతారు. ఆ చెక్క తేలికైనది, పెట్టెలోకి తేమను సులువుగా చేరనివ్వదు. జపాను జూన్, జూలై వర్షాల్లో పట్టుకు బూజు ప్రధాన శత్రువు. వానలు వెనకబడ్డాక పొడి రోజు చూసి కిమోనోలను నీడలో, గాలి ఆడే గదిలో తాళ్ల మీద వేలాడదీస్తారు. దీన్ని ‘ముషిబొషి’ అంటారు. బూజు మచ్చలు, పురుగు కొట్టిన చోట్లు, విడిపోయిన కుట్లు అప్పుడే బయటపడతాయి. తేదీ మీద పట్టింపు పోయిన ఇళ్లలో కూడా ఈ పని మానకూడదు. మానితే నష్టపోయేది పట్టే.

ఇతర దేశాల్లో పోలికలు

అమెరికాలో సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే కార్మిక దినం తర్వాత తెల్ల బట్టలు వేసుకోరాదన్న కట్టుబాటు సంపన్న కుటుంబాల నుంచి ఇతరులకు వ్యాపించింది. అక్కడే సెప్టెంబరు 15 తర్వాత మగవారు గడ్డి టోపీ పెట్టుకోరాదన్న అలవాటు కూడా ఉండేది. 1922 సెప్టెంబరులో న్యూయార్కు కుర్రాళ్లు ఆ గడువుకు రెండు రోజుల ముందే దారిన పోయేవారి గడ్డి టోపీలు లాగి తొక్కేయడంతో మొదలైన గొడవ కొన్ని రోజులపాటు సాగింది, అరెస్టులూ జరిగాయి.

మన దేశంలో పూరీ జగన్నాథుడికి మార్గశిర శుద్ధ షష్ఠి (ఓఢణ షష్ఠి) నుంచి వసంత పంచమి వరకు చలి దుస్తులు కప్పుతారు. ఇసె ఉత్సవానికి దగ్గరి పోలిక ఇదే. న్యాయవాదుల నల్ల కోటుకూ రుతు మినహాయింపు ఉంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టులు మినహా మిగతా కోర్టుల్లో వేసవిలో కోటు తప్పనిసరి కాదు. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల ఎరిగినవారికి ఈ మినహాయింపు ఎందుకో చెప్పనక్కర్లేదు.

నేటి చర్చ: పాటించాలా, మానాలా

జపానులో 1898 నుంచి ఉన్న లెక్కల్లో 2023 వేసవి అప్పటికి అత్యంత వేడిగా నమోదైంది. 2024 వేసవి దానితో సమానమైంది. మేలోనే ఉక్క, అక్టోబరులో కూడా చెమట. ఇలాంటప్పుడు మే 31 వరకు లైనింగు కిమోనో, దాని లోపల పూర్తి లోదుస్తులు వేసుకోవడం ఒంటికి హాని.

పాత తేదీలను నిలబెట్టేవారి వాదన తేలిగ్గా తోసిపుచ్చదగింది కాదు. పిలిచిన ఇంటివారు ఆ రోజుకు గదిని సిద్ధం చేస్తారు కనుక అతిథి బట్ట కూడా ఆ రోజుకు చెందాలన్నది వారి మొదటి మాట. ఏడాదికి రెండు నెలలు వేసుకునే రొ, జోఫుల మీదే బతికే నేతగాళ్లు ఉన్నారన్నది రెండో మాట. నియమం పోతే ఆ బట్టలు కొనే కారణమే పోతుందని వారి భయం.

ఎదుటి పక్షం చూపేది ఖర్చు, బెదురు. మూడు రకాల కిమోనోలు, వాటికి తగ్గ లోదుస్తులు, ఒబిలు, మెడ పట్టీలు కొనడం సామాన్య కుటుంబానికి భారం. చావు ఎప్పుడొస్తుందో తెలియదు కనుక నల్లటి సంతాప కిమోనో కూడా లైనింగుతో ఒకటి, రొతో ఒకటి ఉంచుకోవాలి. ఇక బెదురు సంగతి. దారిన పోయే యువతిని ఆపి ఈ నెలలో ఈ బట్ట తప్పు అని దిద్దే అపరిచితులకు జపానులో ‘కిమోనో కెయిసత్సు’ (కిమోనో పోలీసులు) అన్న పేరు పడింది. కొత్తగా నేర్చుకుంటున్నవారు ఆ మాటలకు భయపడి కిమోనో జోలికే పోవడం మానేస్తారు. కాపాడాలనుకున్న సంప్రదాయానికి దీనికన్నా కీడు లేదు.

ఆచరణలో మధ్యే మార్గాలు ఇప్పటికే ఏర్పడ్డాయి. ఏప్రిల్ చివరి నుంచే హితొయె వేసుకోవడం, దాన్ని అక్టోబరులో కూడా కొనసాగించడం సాధారణమైంది. లోదుస్తును నెలరోజుల ముందే పలచటిదానికి మార్చడం పాత పద్ధతే. ‘దోనుకి’ కుట్టు అన్నిటికన్నా నేర్పైన ఉపాయం. ఇందులో వీపు, ఛాతీ దగ్గర లైనింగు తీసేసి, కింది అంచుకూ చేతుల అంచుకూ మాత్రం హక్కకె ఉంచుతారు. పైకి చూస్తే అవాసెయే, నడిస్తే పాదాల దగ్గర అదే రంగు మెరుస్తుంది, ఒంటి మీద మాత్రం ఒకే పొర. ఇది ఇప్పుడు పుట్టింది కాదు. పాతకాలపు కుట్టుపనిలోనే ఉంది.

తేదీ మారితే సంప్రదాయం పోతుందన్న వాదనకు చరిత్ర మద్దతు లేదు. హెయాన్ ఆస్థానంలో రెండు మార్పులు, ఎదో కాలంలో నాలుగు, మెయిజీ తర్వాత మళ్లీ రెండు, 2021 తర్వాత కార్యాలయాలకు నిర్ణీత గడువే లేదు. వీటన్నిటిలోనూ మారకుండా నిలిచింది వరుస: మందపు బట్ట నుంచి పలచటి బట్టకు, మళ్లీ పలచటి బట్ట నుంచి మందపు బట్టకు. ఆ వరుసను నిలుపుతూ తేదీని ఉష్ణోగ్రతకు అప్పగించడం సబబు. తేనీటి వేడుక, సంతాపం, ఆలయ విధులు వంటి చోట్ల మాత్రం పిలిచినవారి లెక్కే ప్రమాణం.

ఉద్యోగరీత్యా, చదువురీత్యా జపానులో ఉంటున్న తెలుగువారికి ఇందులో పనికొచ్చేవి కొన్నే. పిల్లల బడి నుంచి వచ్చే యూనిఫాం నోటీసులో మార్పు గడువు రాసి ఉంటుంది, దాన్ని చూసుకోవాలి. తేనీటి వేడుకకు పిలుపు వస్తే ఏ రకం కిమోనో తగినదో పిలిచినవారినే ముందుగా అడగాలి. బజారుకో గుడికో సరదాగా అద్దెకు తీసుకుని వెళ్లేటప్పుడు మే నెల ఎండగా ఉంటే లైనింగు లేనిదే ఇమ్మని దుకాణంలో అడగండి, జూలై, ఆగస్టుల్లో అవాసె తీసుకోకండి.